మీ మిడ్‌వైఫ్ ఎక్కడ ‘కుదరదు’ అంటుందో ముందే అడగండి

మిడ్‌వైఫ్‌ను వెతుక్కునేవాళ్లు చాలామంది మొదట అడిగేది ఇదే: “మా నమ్మకాల ప్రకారం కాన్పు జరగనిస్తారా?” జవాబు కూడా చాలావరకు ఒకటే: “తప్పకుండా.” మాటలు అక్కడితో ఆగిపోతే ఎంపిక సగమే అయినట్టు. అన్నీ సవ్యంగా సాగే కాన్పులో మీ ఇష్టాలు తీర్చడం ఏ మిడ్‌వైఫ్‌కీ కష్టం కాదు. మాయ పడ్డాక రక్తం ఆగకపోతే? 41 వారాలు నిండినా నొప్పులు రాకపోతే? బిడ్డ గుండె చప్పుడు నెమ్మదించడం మొదలైతే? అప్పుడు ఆమె ఏం చేస్తుంది, మీ మాటకు ఎంత చోటు మిగులుతుంది అన్నదే తెలుసుకోవాల్సింది.

మీరు చెప్పిన ప్రతిదానికీ తలూపే మిడ్‌వైఫ్ కన్నా, “ఇది ఇంతవరకు కుదురుతుంది, ఇక్కడినుంచి కుదరదు, కారణం ఇదీ” అని ఆరో నెలలోనే చెప్పగలిగే మిడ్‌వైఫే మీ నమ్మకాలకు ఎక్కువ విలువ ఇచ్చినట్టని నా వాదన. ఆ హద్దు ఎక్కడుందో పురిటి నొప్పుల మధ్యలో మొదటిసారి తెలిస్తే, అప్పటికి మీకు వేరే దారి వెతుక్కునే వ్యవధి ఉండదు.

ముందు ఎవరితో మాట్లాడుతున్నారో తేల్చుకోండి. మిడ్‌వైఫ్ అంటే గర్భం, కాన్పు, బాలింత సంరక్షణ చదువుకుని, రిజిస్టరులో పేరు నమోదై ఉన్న మనిషి. అంతర్జాతీయ మిడ్‌వైఫ్‌ల సమాఖ్య ప్రమాణాల ప్రకారం నేరుగా చేరినవాళ్లకు కనీసం మూడేళ్లు, నర్సింగ్ చదివి వచ్చినవాళ్లకు కనీసం 18 నెలల శిక్షణ ఉండాలి. డూలా అంటే కాన్పులో తోడుండే మనిషి; పక్కన ఉంటుంది, నడుము రాస్తుంది, ధైర్యం చెబుతుంది. బిడ్డ గుండె చప్పుడు వినడం, ఇంజెక్షన్ ఇవ్వడం ఆమె పని కాదు. అనుభవంతో పని నేర్చిన మంత్రసానులకు ఓర్పు ఉంటుంది, చేతి నేర్పు ఉంటుంది. రక్తస్రావం ఆపే మందులు, వాటిని వాడే శిక్షణ మాత్రం సాధారణంగా ఉండవు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లను శిక్షణ పొందిన కాన్పు సహాయకుల లెక్కలోకి తీసుకోదు. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, అది ఎప్పటివరకు చెల్లుతుందో కూడా అడగండి. మంచి మిడ్‌వైఫ్ ఈ ప్రశ్నకు నొచ్చుకోదు.

నమ్మకాల కన్నా ముందు ఆరోగ్యం గురించి మాట్లాడండి. మీ ఒంటి పరిస్థితిని బట్టి మిమ్మల్ని ఏ మిడ్‌వైఫ్ తీసుకోగలదు, ఒక్కతే చూసుకోగలదా, డాక్టరుతో కలిసి చూడాలా అన్నది తేలుతుంది. అది తేలాక మిగిలినవాళ్లలో మీ మనసుకు దగ్గరగా ఉన్న మనిషిని వెతుక్కోవడం తేలిక. వరుస తిరగేస్తే, ఎంతో నచ్చిన మిడ్‌వైఫ్ ముప్పయ్యో వారంలో “మీ కేసు నేను చేయలేను” అని పంపించేస్తుంది. అప్పుడు కోపం ఆమె మీదకు పోతుంది, తప్పు మాత్రం వరుసదే.

మొదటి భేటీకి పాత కాగితాలన్నీ తీసుకెళ్లండి. ఇంతకుముందు సిజేరియన్ అయి ఉంటే ఆ ఆపరేషన్ నోట్సు ముఖ్యం. గర్భసంచి మీద కోత అడ్డంగా పెట్టారా, నిలువుగా పెట్టారా అన్నది చర్మం మీది మచ్చ చూసి చెప్పలేం. అది ఆ నోట్సులోనే ఉంటుంది. అడ్డకోత తర్వాత మామూలు కాన్పుకు ప్రయత్నిస్తే గర్భసంచి చిట్లే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి. నిలువు కోతైతే అంతకంటే చాలా ఎక్కువ, మామూలు కాన్పు వద్దంటారు. పాత కాన్పులో రక్తం ఎక్కువ పోయిందా, మాయను చేత్తో తీయాల్సి వచ్చిందా, నెలలు నిండకుండా పుట్టిందా, బిడ్డ బరువెంత, బీపీ పెరిగిందా, తర్వాత మనసు కుంగిపోయిందా, ఇవన్నీ చెప్పాలి. బ్లడ్ గ్రూపు రీసస్ నెగటివ్ అయితే అదీ చెప్పాలి. రోజూ వాడే మందులు డబ్బాలతో సహా చూపించండి.

కొన్ని సంగతులు ఇంట్లోవాళ్ల ముందు నోటికి రావు. పాత గర్భస్రావం, ఎవరికీ తెలియని జబ్బు, ఇంట్లో దెబ్బలు, చిన్నప్పుడు జరిగిన లైంగిక హింస. అందుకని ప్రతి మిడ్‌వైఫ్ కనీసం ఒక్కసారైనా గర్భిణితో ఒంటరిగా మాట్లాడాలి. ఆమె తనంతట తాను ఆ అవకాశం కల్పిస్తుందా లేదా గమనించండి. భర్త, అత్తగారు, తల్లి అందరూ కూర్చుని ఉండగానే ఈ ప్రశ్నలన్నీ గబగబా అడిగి టిక్కులు పెట్టుకునే మనిషికి నిజాలు దొరకవు. భాష వేరైతే అనువాదానికి ఇంటి మనిషిని పెట్టుకోవద్దనేది కూడా ఇందుకే.

కవలలు, మాయ గర్భసంచి ద్వారానికి అడ్డుగా ఉండటం, ఇన్సులిన్ మీద ఉన్న షుగరు, గుండె జబ్బు, బీపీ 140/90 దాటి మూత్రంలో ప్రోటీన్ పోవడం, వీటిలో ఏది ఉన్నా డాక్టరు ముందుండి నడిపించాలి. మిడ్‌వైఫ్ పక్కన ఉండవచ్చు. ఆహారంతో అదుపులో ఉన్న గర్భకాలపు షుగరు, మందుతో సరిగ్గా ఉన్న థైరాయిడ్, కొద్దిపాటి రక్తహీనత ఉంటే చాలాచోట్ల ఇద్దరూ కలిసి చూస్తారు. ఇక్కడ అడగాల్సింది: “ఏ అంకె దాటితే మీరు డాక్టరును పిలుస్తారు?” బీపీ ఎంతకు చేరితే, హిమోగ్లోబిన్ ఎంతకు పడిపోతే, బిడ్డ ఎదుగుదల ఎంత తగ్గితే. అంకెలతో జవాబు చెప్పే మిడ్‌వైఫ్ తన పని ఒక పద్ధతి ప్రకారం చేస్తోందని అర్థం. “అప్పుడు చూద్దాంలే, కంగారు పడకండి” అనే జవాబు మనసుకు హాయిగానే ఉంటుంది, పనికి మాత్రం రాదు.

ఇక రక్తం సంగతి. మిడ్‌వైఫ్‌ను అంచనా వేయడానికి నాకు ఒక్క విషయమే అడిగే వీలుంటే ఇదే అడుగుతాను. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు, ఆ పైన రక్తం అందుతూ ఉంటుంది. మాయ విడిపోయాక ఆ నాళాల మూతులు తెరుచుకునే ఉంటాయి. గర్భసంచి కండరం గట్టిగా బిగుసుకుని వాటిని నొక్కి మూస్తుంది. కండరం వదులుగా ఉండిపోతే రక్తం ఆగదు. కాన్పు తర్వాతి రక్తస్రావాలలో ఎక్కువ భాగం దీనివల్లే. మిగతావి చిరుగులు, లోపల మిగిలిన మాయ ముక్క, రక్తం గడ్డకట్టకపోవడం. అర లీటరు పోతే రక్తస్రావం అనే లెక్క చాలాకాలంగా ఉంది. కంటితో చూసి వేసే అంచనా తరచుగా అసలు కన్నా తక్కువే వస్తుంది. గుడ్డల్లోకి, పరుపులోకి ఇంకిపోయింది ఎవరి లెక్కలోకీ రాదు. 2023లో వెలువడిన ఈ-మోటివ్ పరిశోధనలో, నాలుగు ఆఫ్రికా దేశాల్లోని 80 ఆసుపత్రుల్లో, కొలత గీతలున్న సంచిలో రక్తాన్ని పట్టి, హద్దు దాటగానే చేయాల్సినవన్నీ ఒకేసారి చేసినప్పుడు తీవ్రమైన రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయి. ఆ “అన్నీ ఒకేసారి”లో ఉన్నవి: గర్భసంచిని పైనుంచి రుద్దడం, దాన్ని బిగించే మందు ఆక్సిటోసిన్, కట్టిన గడ్డ కరిగిపోకుండా చూసే మందు ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, చిరుగులకోసం, మాయ ముక్కలకోసం వెతకడం. ఒకటి చేసి ఫలితం కోసం కూర్చుని, తర్వాత ఇంకొకటి మొదలుపెడితే నిమిషాలు పోతాయి.

అందుకే ఇలా అడగండి: “రక్తాన్ని ఎలా కొలుస్తారు? ఆక్సిటోసిన్ ఎక్కడ దాస్తారు?” ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఎండలో గంటల తరబడి సంచిలో తిరిగిన సీసా మీద పేరుంటుంది, లోపల బలం ఉండదు. చల్లగా ఉంచే వీలు లేనిచోట ఆక్సిటోసిన్ లాంటిదే, వేడికి తట్టుకునే కార్బెటోసిన్ అనే మందు ఉంటుంది, దాని సంగతి తెలుసా అని చూడండి. ట్రానెక్సామిక్ యాసిడ్ ఒక గ్రాము నెమ్మదిగా నరానికి ఇవ్వాలి, కాన్పైన మూడు గంటల లోపు. ఆలస్యమైన కొద్దీ దాని ఫలితం తరిగిపోతుంది. ఈ మందులు తన దగ్గర ఉన్నాయా, నరానికి సూది పెట్టడం వచ్చా, ఈ పని ఆఖరిసారి ఎప్పుడు అభ్యాసం చేసింది అని కూడా అడగండి. రక్తస్రావం తరచుగా ఎదురుపడదు కాబట్టి ఏడాదికి ఒక్కసారైనా బొమ్మ మీద సాధన చేయని చేతులు ఆ క్షణంలో తడబడతాయి.

బిడ్డ విషయం కూడా అంతే. చాలామంది బిడ్డలు పుట్టగానే తమంతట తాము ఊపిరి తీసుకుంటారు, కొందరికి ఒళ్లు తుడిచి వీపు రుద్దితే చాలు. నూటికి ఐదుగురికి అటూ ఇటూగా సంచీ, మాస్కుతో గాలి అందించాలి, అదీ పుట్టిన నిమిషంలోపు మొదలవ్వాలి. నిమిషానికి 40 నుంచి 60 సార్లు. ఇందులో తప్పు జరిగేది ఎక్కువగా రెండు చోట్ల: మాస్కు ముఖానికి సరిగ్గా అతకదు, లేదా తల మరీ ముందుకో వెనక్కో వంగి ఉంటుంది. అప్పుడు సంచి నొక్కుతున్నా ఛాతీ లేవదు. “ఛాతీ లేవకపోతే ఏం చేస్తారు?” అని అడిగితే, తల సర్దడం, మాస్కు మళ్లీ పెట్టడం, నోరు శుభ్రం చేయడం అని వెంటనే రావాలి. తల్లికి రక్తం పోతూ, బిడ్డ ఊపిరి తీయని క్షణం ఒకటే అయితే ఒక్క మనిషి రెండు చేతులు చాలవు. కాబట్టి బిడ్డ బయటకు వచ్చే వేళకు గదిలో శిక్షణ ఉన్నవాళ్లు ఇద్దరు ఉండాలి. రెండో మనిషి ఎవరో, ఎంత దూరంలో ఉంటారో, ఏ దశలో పిలుస్తారో పేరుతో సహా తెలియాలి.

ఇల్లా, మిడ్‌వైఫ్‌లు నడిపే కేంద్రమా, ఆసుపత్రా అన్న చర్చలో జనం వెంటనే రెండు పక్షాలైపోతారు. ఇంగ్లండులో 64 వేలకు పైగా తక్కువ ప్రమాదమున్న కాన్పులను పరిశీలించి 2011లో వెలువరించిన అధ్యయనం రెండు పక్షాలనూ ఆలోచింపజేస్తుంది. రెండో కాన్పు, ఆ తర్వాతి కాన్పులకు ఇంటికీ ఆసుపత్రికీ బిడ్డ క్షేమంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తొలి కాన్పు ఇంట్లో అనుకున్నవాళ్లలో మాత్రం బిడ్డకు తీవ్రమైన హాని వెయ్యికి 9.3, ఆసుపత్రిలో అనుకున్నవాళ్లలో 5.3. మిడ్‌వైఫ్‌ల కేంద్రాల్లో ఆ తేడా లేదు. తొలి కాన్పు ఇంట్లో మొదలుపెట్టినవాళ్లలో నూటికి 45 మందిని ఆసుపత్రికి తరలించారు. తర్వాతి కాన్పులకు 12 మందిని. అక్కడి మిడ్‌వైఫ్‌లు శిక్షణ పొందినవాళ్లు, అంబులెన్సుతో, ఆసుపత్రితో ముడిపడి పనిచేసేవాళ్లు. ఆ ముడి లేనిచోట ఈ అంకెలను మీకు భరోసాగా వాడుకోవద్దు. అంకె చూశాక అడగాల్సిన ప్రశ్న తేలికే: “మీ దగ్గరికి వచ్చిన తొలి కాన్పుల్లో ఎంతమందిని తరలించారు, ఎందుకు?” “ఒక్కరిని కూడా పంపలేదు” అని గర్వంగా చెబితే, ఆమె చూసిన కాన్పులు మరీ కొద్ది అయి ఉండాలి, లేదా పంపాల్సినవాళ్లను పంపలేదు.

ఇప్పుడు నమ్మకాలు. గదిలో ఎవరుండాలి, ఒంటి మీద గుడ్డ ఎంతవరకు, ప్రార్థన, నిశ్శబ్దం, బిడ్డ చెవిలో మొదటి మాట ఎవరిది, మాయను ఏం చేయాలి, ఏ భంగిమలో కనాలి. వీటిలో దేనికీ వైద్యం అడ్డు రాదు. వీటికి సాకులు చెప్పే మిడ్‌వైఫ్‌ను వదిలేయండి, అంతకన్నా చెప్పడానికేమీ లేదు. ఒక్క మినహాయింపు: ఆడవాళ్లు మాత్రమే ముట్టుకోవాలన్నది మీ నమ్మకమైతే, అర్ధరాత్రి అత్యవసరంలో వచ్చే డాక్టరు, మత్తు డాక్టరు మగవాళ్లు కావచ్చు. మిడ్‌వైఫ్ చేయగలిగింది మీ ఒంటిని వీలైనంత కప్పి ఉంచడం, గదిలో అనవసరమైన మనిషి లేకుండా చూడటం, మీ పక్కనే నిలబడటం. అది ముందే అనుకుని ఉంటే ఆ క్షణంలో అవమానంగా అనిపించదు.

చికిత్సను తాకే నమ్మకాలు వేరు. వాటి దగ్గరే మంచి మిడ్‌వైఫ్ బయటపడుతుంది.

రక్తం ఎక్కించుకోకూడదనే విశ్వాసం ఉన్నవాళ్లున్నారు. వాళ్లకు “ఫరవాలేదు, గౌరవిస్తాం” అని చెప్పి వదిలేయడం అన్యాయం. గౌరవించే మిడ్‌వైఫ్ తొలి నెలల్లోనే పని మొదలుపెడుతుంది. హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువ ఉంటే ఐరన్ మాత్రలు, వాటితో పెరగకపోతే నరానికి ఐరన్. రక్తంలోని ఏ భాగాలు మీకు సమ్మతం, ఏవి కావు అని ఒక్కొక్కటిగా అడుగుతుంది: ఎర్రకణాలు, ప్లాస్మా, ఆల్బుమిన్ అనే ప్రోటీన్, ఆంటీ-డి ఇంజెక్షన్ (రీసస్ నెగటివ్ తల్లి ఒంట్లో బిడ్డ రక్తకణాలను దెబ్బతీసే ప్రతిరక్షకాలు పుట్టకుండా ఇచ్చేది), ఆపరేషన్‌లో మీ సొంత రక్తాన్నే శుభ్రం చేసి తిరిగి ఎక్కించే యంత్రం. ఒకే విశ్వాసం ఉన్న ఇద్దరు వేర్వేరు జవాబులు చెప్పవచ్చు కాబట్టి ఊహించుకోకూడదు. మీ నిర్ణయాన్ని సంతకంతో కాగితం మీద పెట్టిస్తుంది. ఇక ఆమె చెప్పాల్సిన “కుదరదు”: ఆపరేషన్ థియేటర్‌కు దూరంగా ఈ కాన్పు చేయను. రక్తం వెనకదన్నుగా లేనప్పుడు శస్త్రచికిత్స దగ్గరలో ఉండాలి. మీకు ఇల్లే ఇష్టమైతే ఆ మాట బాధగా ఉంటుంది. అయినా మీ విశ్వాసాన్ని అందరికన్నా గట్టిగా పట్టించుకున్నది ఆ మనిషే.

ఆంటీ-డి మనుషుల ప్లాస్మా నుంచి తయారవుతుంది. రీసస్ నెగటివ్ తల్లికి మామూలుగా 28వ వారంలో ఒకసారి, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పైన 72 గంటల లోపు మరోసారి ఇస్తారు. వద్దంటే దెబ్బ తగిలేది చాలావరకు ఈ బిడ్డకు కాదు, తర్వాతి బిడ్డకు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ పంది పేగుల నుంచి వస్తుంది; అది సమ్మతం కానివాళ్లకు ఫోండాపారినక్స్ లాంటి కృత్రిమ మందుల గురించి డాక్టరుతో ముందే మాట్లాడాలి. మందు దేనితో చేశారో అడిగితే “తెలియదు, చూసి చెబుతాను” అని, నిజంగానే చూసి వచ్చి చెప్పే మిడ్‌వైఫ్ మంచిది.

విటమిన్ కె మీద వచ్చే అభ్యంతరం వేరే రకం: పుట్టిన బిడ్డకు సూది ఎందుకని. పుట్టుకతో బిడ్డలో ఈ విటమిన్ నిల్వ చాలా తక్కువ, తల్లిపాలలోనూ తక్కువే. అరుదుగా, ఆరోగ్యంగా కనిపించే బిడ్డకు కొన్ని వారాల తర్వాత మెదడులో రక్తస్రావం జరుగుతుంది. ఒక మిల్లీగ్రాము ఇంజెక్షన్ దాన్ని దాదాపుగా ఆపుతుంది. నోటి చుక్కలు కొన్నిచోట్ల దొరుకుతాయి గానీ వాటిని ఒక్కసారి కాదు, పలు విడతల్లో, తేదీ తప్పకుండా వేయాలి. మధ్యలో మరిచిపోవడమే వాటితో వచ్చే చిక్కు. మీరు సూది వద్దంటే ఆ తేదీలన్నీ రాసిచ్చి, గుర్తుచేసే బాధ్యత తీసుకుంటుందా?

బొడ్డుతాడు విషయంలో చాలామంది లేని పోటీని పెట్టుకుంటారు. తాడు కొట్టుకోవడం ఆగేదాకా కోయవద్దంటే రక్తస్రావానికి ఇచ్చే ఇంజెక్షన్ వదులుకోవాలనుకుంటారు. అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పద్ధతిలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి: బిడ్డ పుట్టగానే తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్, తాడు కోయడం మాత్రం ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగాక. ఇంజెక్షనే వద్దు, మాయ దానంతట అదే రావాలి అంటే ఎంతసేపు ఆగుతారో అడగండి. గంట దాటితే ఆలస్యమైనట్టే లెక్క.

“బిడ్డ రావాలనుకున్నప్పుడు వస్తుంది” అన్న నమ్మకాన్ని నేను తేలిగ్గా తీసుకోను. చాలా కాన్పులకు అది నిజం కూడా. కానీ 41 వారాల తర్వాత లెక్క మారుతుంది. స్వీడన్‌లో 2,760 మందితో జరిపి 2019లో ప్రచురించిన స్వెపిస్ పరిశోధనలో, 41 వారాలకే నొప్పులు తెప్పించిన గుంపులో బిడ్డలెవరూ చనిపోలేదు, 42 వారాల దాకా ఆగిన గుంపులో ఆరుగురు చనిపోయారు. పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. ఏ ఒక్క తల్లికైనా ఆ ప్రమాదం చిన్నదే. ఆ చిన్నది ఎంతో చెప్పి, ఆగితే ఏ పరీక్షలు ఎన్ని రోజులకోసారి చేస్తుందో చెప్పి, నిర్ణయం మీకు వదిలే మిడ్‌వైఫ్ కావాలి. “చచ్చిపోయిన బిడ్డను కంటావా” అని బెదిరించే మనిషీ వద్దు, “తేదీలన్నీ అబద్ధం” అని కొట్టిపారేసే మనిషీ వద్దు.

గర్భసంచి ద్వారం ఎంత తెరుచుకుందో వేళ్లతో చూసే లోపలి పరీక్ష సంగతి సిగ్గుకూ సంబంధించింది, పాత గాయాలకూ సంబంధించింది. మామూలు కాన్పులో నొప్పులు ఊపందుకున్నాక నాలుగు గంటలకోసారి చాలు. ప్రతిసారీ అడిగి చేయాలి, ఆపమంటే ఆపాలి, ఎందుకు చేస్తున్నదీ చెప్పాలి. బిడ్డ గుండె చప్పుడు వినడం మాత్రం వేరు: మొదటి దశలో 15 నుంచి 30 నిమిషాలకోసారి, ముక్కే దశలో 5 నిమిషాలకోసారి, నొప్పి తగ్గిన వెంటనే కనీసం నిమిషం పాటు. పరీక్షల సంఖ్య తగ్గించుకోవడంలో బేరం ఉంది. గుండె చప్పుడు వినడంలో నాకైతే బేరం కనబడదు.

మిడ్‌వైఫ్‌కు కూడా నమ్మకాలుంటాయి, అవి అడగడం మనం మరిచిపోతాం. మామూలు కాన్పు మీద ప్రేమ ముదిరి సిజేరియన్‌ను ఓటమిగా చూసే మిడ్‌వైఫ్ ఆసుపత్రికి పంపడంలో ఆలస్యం చేస్తుంది. మత్తు ఇంజెక్షన్ అడిగితే చిన్నబుచ్చుతుంది. ఇంకొకరు ప్రతి తొలి కాన్పుకూ యోని ద్వారం దగ్గర కోత పెట్టడం అలవాటుగా చేస్తారు, అది అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పినా. స్కాన్‌లో బిడ్డకు తీవ్రమైన లోపం కనబడితే కొందరు అన్ని దారులూ చెప్పరు, తమ మతానికి సరిపడేది ఒక్కటే చెబుతారు. “గర్భం ఉంచుకోవాలన్నా, వద్దనుకున్నా మీరు నాతో ఉంటారా? లేకపోతే ఎవరి దగ్గరికి పంపుతారు?” అని నేరుగా అడగండి. మనస్సాక్షి ఒప్పుకోని పని చేయనని చెప్పే హక్కు ఆమెకుంది. ఆ మాట దాచి, మీకు వ్యవధి మించిపోయేలా చేసే హక్కు లేదు.

మీరు ఎంచుకున్న మనిషే కాన్పు రోజున వస్తుందా అన్నది మరో సంగతి. గర్భం నుంచి బాలింతదనం దాకా ఒకే మిడ్‌వైఫ్, లేదా ఒక చిన్న బృందం చూసుకోవడం మీద, వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ సమీక్ష 2024లో తాజా అయింది. 17 అధ్యయనాలు, 18 వేలకు పైగా తల్లులు. అలా చూసుకున్నచోట మామూలు కాన్పులు కొంత ఎక్కువ, సిజేరియన్లూ పరికరాలతో చేసే కాన్పులూ కొంత తక్కువ. అయితే ఏ మిడ్‌వైఫ్ కూడా ఏడాది పొడవునా ఇరవై నాలుగు గంటలూ మేలుకుని ఉండలేదు. నెలకు ఎన్ని కాన్పులు ఒప్పుకుంటుంది, మీ తేదీకి అటూ ఇటూ రెండు వారాల్లో ఊళ్లో ఉంటుందా, ఆమె వేరే కాన్పులో ఉంటే వచ్చేది ఎవరు? ఆ రెండో మనిషిని 36వ వారం లోపు కలవండి. మీరు మాట్లాడుకున్నవి ఒక్క పేజీలో రాసి ఇద్దరికీ ఇవ్వండి: పైన ఆరోగ్య విషయాలు, మధ్యలో తప్పనిసరి నమ్మకాలు, కింద కుదిరితే కావాలనుకునేవి. నాలుగు పేజీలు రాస్తే అర్ధరాత్రి ఎవరూ చదవరు.

కొన్ని భేటీలయ్యాక ఈమె కాదనిపిస్తే మారండి. ప్రశ్న అడిగితే విసుక్కోవడం, మీరు చెప్పింది రాసుకోకపోవడం, పోయినసారి చెప్పినదానికి ఈసారి చెప్పేదానికి పొంతన లేకపోవడం, డాక్టర్లందరినీ తిట్టడం, ఇవి చాలు. మీ రికార్డుల నకలు అడిగి తీసుకోండి, కొత్త మనిషి ఒప్పుకున్నాకే పాత మనిషికి చెప్పండి, మధ్యలో ఒక్క రోజు కూడా ఎవరూ లేకుండా ఉండవద్దు. 36 వారాలు దాటితే మారడం కష్టమవుతుంది గానీ అసాధ్యం కాదు.

చివరగా, కాన్పు తర్వాతి రోజుల గురించి దాదాపు ఎవరూ అడగరు. బీపీ ఎక్కువగా పెరిగేది కాన్పైన మూడు నుంచి ఆరు రోజుల మధ్య; అప్పటికి తల్లి ఇంట్లో ఉంటుంది, అందరి కళ్లూ బిడ్డ మీదే ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం నాలుగు సార్లు చూడమంటుంది: మొదటి 24 గంటల్లో, 48 నుంచి 72 గంటల మధ్య, 7 నుంచి 14 రోజుల మధ్య, ఆరో వారంలో. మీ మిడ్‌వైఫ్ ఎన్నిసార్లు వస్తుంది, వచ్చినప్పుడు బీపీ చూస్తుందా, మీ మనసు ఎలా ఉందని అడుగుతుందా? గంటలో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతే, జ్వరం 38 డిగ్రీలు దాటితే, తలనొప్పితో కళ్లు మసకబారితే, కాలు ఒక్కటే వాచి నొప్పి పుడితే, రాత్రి రెండు గంటలకు ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఆమె ఎత్తకపోతే తర్వాత ఏ నంబరుకు? ఈ రెండు నంబర్లు కాన్పుకు ముందే ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి.